కాటి సీనుకి వన్స్‌మోర్

ఇందుకూరుపేట లాంటి కోస్తా పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం వేస్తున్నారంటే జనం నిద్ర ఆపుకుని కూర్చునేది కాటి సీను కోసం. బలిజేపల్లి లక్ష్మీకాంతం 1912లో రాసిన ‘సత్య హరిశ్చంద్రీయం’లో గుండెకాయ ఆ ఘట్టమే. పాము కరిచి చనిపోయిన కొడుకు లోహితాస్యుణ్ణి చంద్రమతి కాటికి మోసుకొస్తుంది. కాటికాపరిగా ఉన్న భర్త హరిశ్చంద్రుడే సుంకం అడుగుతాడు. హార్మోనియం శ్రుతి అందుకుంటుంది. ఆ నాటకంలో లేని జాషువా శ్మశాన పద్యాలు కూడా తర్వాత్తర్వాత ఈ రంగంలోకి వచ్చి చేరాయి. జనం తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటారు. రాగం ముగియగానే అదే నోటితో ‘వన్స్‌మోర్’ అని కేకేస్తారు.

కన్నీళ్లు పెట్టుకున్నవాడు ఆ పద్యమే మళ్లీ కావాలని ఎందుకు అడుగుతాడు? మన ఆలంకారికులు వందల ఏళ్లు తెగని వాదం నడిపింది ఈ ప్రశ్న మీదే.

భరతుడు చెప్పిన ఎనిమిది రసాల్లో కరుణ ఒకటి, దానికి స్థాయీభావం, అంటే మూలభావం, శోకం. శోకం బాధ కదా, రసం ఆనందం ఎలా అయింది? కాశ్మీర శైవుడైన అభినవగుప్తుడు దీనికి తత్త్వం వైపు నుంచి జవాబిచ్చాడు. రంగస్థలం మీది దుఃఖం నాదీ కాదు, ఫలానా వాడిదీ కాదు. ఎవరి సొంతమూ కాని దుఃఖంలో ముల్లు ఉండదు, చిత్తం తనలో తాను విశ్రాంతి పొందుతుంది. 14వ శతాబ్దంలో ‘సాహిత్యదర్పణం’ రాసిన విశ్వనాథుడైతే సహృదయుల అనుభవాన్నే సాక్ష్యంగా నిలబెట్టాడు. కరుణ నిజంగా దుఃఖమే అయితే రామాయణం జోలికి ఎవరు పోతారన్నాడు.

దీన్ని ఒప్పుకోని వాళ్లూ ఉన్నారు. 12వ శతాబ్దపు గుజరాత్‌లో రామచంద్రుడు, గుణచంద్రుడు అనే ఇద్దరు జైన పండితులు ‘నాట్యదర్పణం’ రాశారు. కొన్ని రసాలు సుఖం, కొన్ని దుఃఖం అని వాళ్లు తేల్చేశారు. సీతాపహరణం, ద్రౌపది పరాభవం చూస్తుంటే సుఖం ఎక్కడిదని నిలదీశారు. వాళ్లు ఎత్తి చూపిన ఘట్టాల్లో హరిశ్చంద్రుడి చండాల దాస్యం, అతని కొడుకు మరణం కూడా ఉన్నాయి. మరి జనం ఎందుకు ఎగబడతారంటే, కవి నేర్పు, నటుడి నేర్పు కలిగించే అబ్బురం వల్ల అన్నారు.

నాటకం పందిట్లో కూర్చున్నవాడికి ఈ మాటే దగ్గరగా అనిపిస్తుంది. వన్స్‌మోర్ అన్నవాడు లోహితాస్యుడు మళ్లీ చావాలని కోరడం లేదు. ఆ రాగం మళ్లీ తీయమంటున్నాడు, అంతే. అదే ఊళ్లో నిజంగా చావు జరిగి ఆడవాళ్లు శోకాలు పెడుతుంటే ఎవరూ వన్స్‌మోర్ అనరు. ఆ శోకాల్లోనూ లయ ఉంటుంది, పోయినవాళ్ల గుణగణాలన్నీ వరసగా వస్తాయి, అయినా అనరు. మొహర్రంలో షియాలు కర్బలా అమరుల కోసం ఆలపించే శోకగీతాల్లో రాగాలు స్పష్టంగా వినిపిస్తాయి, అయినా వాటిని సంగీతం కింద జమకట్టరు.

నెల్లూరు తిక్కన ఈ నాటకపు దుఃఖానికీ నిజమైన శోకానికీ మధ్య నడిచిన కవి. మహాభారతం స్త్రీ పర్వంలో గాంధారి విలాపాన్ని ఏ మాత్రం వెనకాడకుండా చెప్పాడు. ‘నిర్వచనోత్తర రామాయణం’లో మాత్రం రామ నిర్యాణం దగ్గరికి వచ్చేసరికి కలం ఆపేశాడు. ఆ కథను తర్వాత జయంతి రామభట్టు పూర్తిచేశాడు.

రాక్ సంగీతంలో, దుఃఖంలో ఆనందం ఎక్కడిదన్న ఇదే పేచీ 1979 జూన్‌లో వచ్చిన ఒక తొలి ఆల్బం చుట్టూ నడిచింది. మాంచెస్టర్ కుర్రాళ్ల బృందం జాయ్ డివిజన్ తెచ్చిన ‘అన్‌నోన్ ప్లెజర్స్’ అది. ఆల్టర్నేటివ్ రాక్‌లో దిగులు పాటకు దారి వేసిన వాటిలో ముందు చెప్పుకునేది. నిర్మాత మార్టిన్ హానెట్ డ్రమ్స్ దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ పెట్టి, గొంతును ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు వినిపించాడు. వేదిక మీద తాము వాయించే వేడి ఇందులో లేదని బృందంలోని సమ్నర్, హుక్ పెదవి విరిచారు. శ్రోతలకు నచ్చింది మాత్రం ఆ చల్లదనమే. కొందరికి అది మోయలేని దిగులు, మరికొందరికి ఒంటరితనంలో దొరికిన తోడు. నాట్యదర్పణకారులు వింటే, హానెట్ పనితనమే ఆ ఆకర్షణ అని ఉండేవారు.

1980 మే 18న, అమెరికా యాత్రకు బయల్దేరాల్సిన రోజుకు ముందు రోజు, ఆ బృందం గాయకుడు ఇయాన్ కర్టిస్ ఆత్మహత్య చేసుకున్నాడు. వయసు 23. ఆ పాటలు రాసింది అతనే. మూర్ఛ వ్యాధితో, కుంగుబాటుతో సతమతమవుతున్న మనిషి. ఆ రోజు తర్వాత శ్రోతల అభిప్రాయాలన్నీ మారిపోయాయి. కళగా విన్నవాళ్లు ఇప్పుడు దాన్ని మరణ వాంగ్మూలంలా వినసాగారు. అన్నిటికంటే బాధపెట్టేది తోటి వాద్యకారులు తర్వాత చెప్పుకున్న మాట: అతను ఏం రాస్తున్నాడో అప్పట్లో తాము పెద్దగా పట్టించుకోలేదని.

అభినవగుప్తుడి సిద్ధాంతానికి ఇక్కడ చిక్కు వస్తుంది. పాట విన్నవాడికి ఆ దుఃఖం ఎవరిదీ కాకపోవచ్చు, పాడినవాడికి మాత్రం అది సొంతమే. దిగులు పాటలు వింటే పిల్లలు చెడిపోతారన్న భయం ఎంత తొందరపాటో, దిగులంతా కళే కదా అని వదిలేయడమూ అంతే తొందరపాటు. పద్యానికి వన్స్‌మోర్ అనడంలో తప్పేమీ లేదు. తెర దిగాక కూడా ఏడుపు ఆగని మనిషి పక్కనుంటే మాత్రం పాట ఆపి పలకరించాలి. అలాంటివారి కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ ఫోను నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.