లెక్కలో లేని ఆడబిడ్డలు

చైనా దేశపు పల్లెలలో అనేకమంది ఆడపిల్లలకు జావోదీ అను పేరు కలదు. తమ్ముని పిలుచుకొని రమ్మని దాని అర్థము. లాయిదీ, పాందీ అను పేర్లును అట్టివే. తమ్ముడు రావలెనని, తమ్మునికొరకు ఎదురుచూచుచున్నామని వాటి భావము. తలిదండ్రులు తమ చేతులలోనున్న బిడ్డను చూచి పెట్టిన పేరు కాదది. ఇంకను పుట్టని మరియొక బిడ్డను తలంచుకొని పెట్టిన పేరు. చదువరులారా, ఎవరు పిలిచినను ఆ పిల్ల తన జీవితకాలమంతయు పలుకవలసిన పేరు అదియే. పెండ్లియైన కూతురు ఒలికిపోయిన నీళ్లు అని ఆ దేశస్థులు సామెత చెప్పుదురు. ఆడపిల్ల యనగా 'ఆడ' పిల్లయే గాని 'ఈడ' పిల్ల కాదని మన పెద్దలు నవ్వుచు చెప్పు మాటయు దీనికి దూరపు చుట్టము కాదు. కాబట్టి ఇప్పుడు వ్రాయబోవు సంగతి చైనాలో జరిగినదైనను, పొరుగూరి కథగా ఎంచి చదువవద్దని మనవి.

1970వ సంవత్సర ప్రాంతమున చైనాలో ఒక్కొక్క స్త్రీకి సగటున ఆరుగురికి కొంచెము తక్కువగా బిడ్డలు పుట్టుచుండిరి. ఆలస్యముగా పెండ్లి చేసికొనుడి, కాన్పునకు కాన్పునకు ఎడముంచుడి, కొద్దిమందినే కనుడి అను బోధ ఆ దేశమంతట సాగెను. అందులోను బలవంతము లేకపోలేదు. పదియేండ్లు గడచునప్పటికి ఆ లెక్క మూడుకంటె తక్కువకు దిగెను. అనగా పెద్ద తగ్గుదల ఒక్క బిడ్డ నియమమునకు ముందే జరిగినదన్నమాట. అయినను ఏలినవారికి తృప్తి కలుగలేదు. 1959 మొదలు 1961 వరకు వచ్చిన ఘోరమైన కరవు వారి జ్ఞాపకమునుండి పోలేదు. జనసంఖ్య నూరు కోట్లకు చేరుచుండెను. వారి భయము వట్టి కల్పన యని చెప్పుట న్యాయము కాదు. 1980 సెప్టెంబరు 25వ తేదీన కమ్యూనిస్టు పార్టీ తన సభ్యులకందరికి ఒక బహిరంగలేఖ వ్రాసి, ఇంటికి ఒక్క బిడ్డయే చాలునని పిలుపు ఇచ్చెను. ఆ పిలుపు త్వరలోనే జరిమానాయు, నిర్బంధమును ఆయెను. 1983లో, ఆ ఒక్క యేటనే, రెండు కోట్లకు పైగా మనుష్యులకు సంతాన నిరోధక ఆపరేషనులు జరిగెను. వారిలో స్త్రీలే బహు అధికము. ఆ పని నడిపించిన చైనా మంత్రి ఛియన్ షిన్‌జోంగ్‌కును, మన ప్రధానమంత్రి ఇందిరాగాంధికిని అదే 1983లో ఐక్యరాజ్యసమితివారు జనాభా బహుమానము కలిపి ఇచ్చిరి. 1975–77 నాటి అత్యవసర పరిస్థితిలో మన దేశమున జరిగిన ఆపరేషనులను ఎరిగిన వృద్ధులు ఈ మాట చదివి ఏమనుకొందురో వారికే విడిచిపెట్టుచున్నాను.

ఇక పల్లెటూరి రైతు సంగతి చూడుడి. సరిగా ఆ దినములలోనే సమష్టి వ్యవసాయము రద్దయి, పొలములు ఇంటింటికి పంచి ఇయ్యబడెను. పొలము దున్నుటకు చేతులు కావలెను. ముసలితనమున గంజి పోయుటకు మనిషి కావలెను. ఊరి రైతులకు ప్రభుత్వపు పింఛను పథకము 2009లో గాని మొదలు కాలేదు. కుమార్తె పెండ్లియై అత్తవారి ఊరికి పోవును. అక్కడి ముసలివారిని చూచుకొనును. కుమారుడుండిన ముద్ద ఉండును, లేనియెడల లేదు. అట్టివానితో ఒక్క బిడ్డయే అని చెప్పినప్పుడు, ఆ ఒక్క బిడ్డ ఆడపిల్లయైన అతని గుండె ఏమగునో మన రైతులకు వేరుగా వివరింపనక్కరలేదు.

పల్లెలలో గొడవలు పెరుగగా 1984 మొదలుకొని ప్రభుత్వము నియమమును కొంత సడలించెను. అనేక రాష్ట్రములలో, మొదటి బిడ్డ ఆడదైనయెడల రెండవ బిడ్డను కనవచ్చునని సెలవిచ్చిరి. ఇది దయయే. కాని ఆ దయలోని మాటను కొంచెము నిలిచి చదువుడి. మగపిల్లవాడు పుట్టిన చాలును. ఆడపిల్ల పుట్టిన మరియొక అవకాశము. పండితులు దీనికి 'ఒకటిన్నర బిడ్డ' పద్ధతియని పేరు పెట్టిరి. ఆ అరబిడ్డ ఎవరో చెప్పనక్కరలేదు గదా. ఊరివారి మనస్సులోని పాత తలంపును మాన్పవలసిన చట్టమే దానికి ముద్ర వేసి ఇచ్చెను.

అంతలో అల్ట్రాసౌండు యంత్రములు జిల్లా ఆసుపత్రులవరకు వచ్చెను. ప్రకృతిలో 100 మంది ఆడపిల్లలకు 105, 106 మంది మగపిల్లలు పుట్టుదురు. చైనాలో 1982లో ఆ లెక్క 108, 2000లో సుమారు 117, 2004లో 121. మొదటి కాన్పులో లెక్క సరిగానే యుండెను. 2000 జనాభా లెక్కలలో అది 107 మాత్రమే. రెండవ కాన్పులోనో, 150 దాటెను! మొదట ఆడపిల్ల పుట్టిన ఇండ్లలో రెండవసారి ఏమి జరిగినదో ఆ అంకె ఒక్కటే చెప్పుచున్నది. కడుపులోని శిశువు ఆడా మగా అని చూచి చెప్పరాదని 1994లో చట్టము చేసిరి. మన దేశములోను అట్టి చట్టము వచ్చినది ఆ 1994లోనే. రెండు చోట్లను చట్టము కాగితముమీద బలముగా నుండెను.

కనబడని ఆడపిల్లలందరును చచ్చిపోలేదు. ఈ మాట చెప్పకపోయిన అన్యాయము. కొందరిని అమ్మమ్మ ఇంటను, దూరపు బంధువులయొద్దను దాచి పెంచిరి. ప్రభుత్వపు పుస్తకములో వారి పేరు లేదు. పేరు లేదు గనుక బడి లేదు, వైద్యము లేదు, రైలు టిక్కెట్టు లేదు. కుటుంబ నమోదు లేనివారు 1 కోటి 30 లక్షలమంది ఉన్నారని 2010 జనాభా లెక్కలలో తేలెను. 2016లో గాని వారందరిని చేర్చుకొనుడని ఆజ్ఞ రాలేదు. బ్రదికియుండియు లేనివారుగా ముప్పదియేండ్లు గడపినవారు వారిలో కలరు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చుచున్నాను. ఈ దోషము ఎవరిది? ఐగుప్తు రాజైన ఫరో మగశిశువులను చంపుడని ఆజ్ఞ ఇచ్చెను గనుక అక్కడ దోషి ఎవరో తెలియును. చైనాలో ఆడపిల్లలను తీసివేయుడని ఏ అధికారియు ఆజ్ఞ ఇయ్యలేదు. ఒక్క బిడ్డ అనియే చట్టము చెప్పెను; ఏ బిడ్డ అనునది ఇంటివారు తేల్చుకొనిరి. చట్టమే కారణమందమా, అట్టి చట్టమేదియు లేని దక్షిణ కొరియాలో 1990లో ఈ లెక్క 116 దాటెను. మన దేశములోను బలవంతపు చట్టము లేదు. అయినను ఆరేండ్లలోపు పిల్లలలో 1000 మంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో 927 మంది యుండగా, 2011లో 920కంటెను తగ్గిరి. కాబట్టి చట్టము గొంతు నొక్కినది నిజమే గాని, లోపలి కోరిక ఇంటిలోనిదే. ప్రతి ఇంటివాడును, నా ఒక్క ఇంటివలన దేశమునకు ఏమి కొరత వచ్చునని తలంచెను. అత్తగారు కోడలివైపు చూచెను, కోడలు భర్తవైపు చూచెను, భర్త పొలమువైపు చూచెను. ఎవరిని అడిగినను తాను చేయలేదనియే చెప్పును. తలా ఒక చేయి వేసిన పనిలో ఎవరి చేతికిని రక్తము అంటినట్లు కనబడదు. ఇటువంటి పాపమునకు పశ్చాత్తాపపడుట కష్టమగుటకు హేతువు అదియే యని నా తలంపు.

ఫలితము ఎవరి నెత్తిన పడెను? 2020 జనాభా లెక్కల ప్రకారము చైనాలో స్త్రీలకంటె పురుషులు దాదాపు 3 కోట్ల 49 లక్షలమంది ఎక్కువ. పెండ్లికాని మగవానిని ఆ దేశములో 'గ్వాంగ్‌గున్' అందురు. చిగురు వేయని వట్టి కర్ర అని అర్థము. ఈ వట్టి కర్రలు పట్టణపు ధనవంతుల ఇండ్లలో లేవు. కొండప్రాంతపు పేద ఊళ్లలో ఉన్నవి. అక్కడి ఆడపిల్లలు పనికై సముద్రతీరపు పట్టణములకు పోయి అక్కడనే పెండ్లాడుదురు. ఊరిలో మిగిలిన వానికి పిల్లను తేవలెనన్న ఓలి సొమ్ము కావలెను, క్రొత్త ఇల్లు కావలెను. కుమారుడు పుట్టెనని సంతోషించిన తండ్రియే ఆ కుమారుని పెండ్లికొరకు అప్పులపాలగుచున్నాడు.

కొరతవలన స్త్రీకి విలువ పెరుగునని కొందరు జ్ఞానులు చెప్పిరి. ఈ మాట వినుటకు బాగుగానే యున్నది. పట్టణములలో కొంతవరకు నిజమైనది కూడ. అన్నదమ్ములు లేని కుమార్తెకు తలిదండ్రులు తమకున్నదంతయు పెట్టి చదువు చెప్పించిరి, ఆమె డాక్టరు ఆయెను, ఇంజనీరు ఆయెను. దీనిని కాదనరాదు. కాని విలువ రెండు విధములు. బంగారము కొరతయైన కొలది దానిని గౌరవింతుమా? పెట్టెలో పెట్టి తాళము వేయుదుము. 2022 జనవరిలో జియాంగ్సూ రాష్ట్రములోని ఫెంగ్ కౌంటీలో, చలికాలమున, తలుపులేని పాకలో మెడకు గొలుసు వేసి కట్టబడిన ఒక స్త్రీ కనబడెను. ఆమె ఎనిమిదిమంది బిడ్డల తల్లి. చాల యేండ్ల క్రిందట చేతులు మారి మారి అమ్మబడి ఆ ఊరు చేరిన మనిషి. ఆమె భర్తయనబడిన వానికి 2023లో తొమ్మిదియేండ్ల శిక్ష విధించిరి. సరిహద్దు దాటియు ఈ బేరము సాగెను. బర్మాలోని కాచిన్ జనులలో మన విశ్వాసమునకు చెందినవారే అధికము. 2011లో అక్కడ యుద్ధము మరల రేగి ఇండ్లు వాకిళ్లు పోగొట్టుకొన్నవారి కుమార్తెలకు, పని ఇప్పించెదమని చెప్పి, ఎరిగినవారే, ఒక్కొక్కప్పుడు బంధువులే, చైనాకు తీసికొనిపోయి అమ్మివేసిరని 2019లో హ్యూమన్ రైట్స్ వాచ్ అను సంస్థ వివరముగా ప్రకటించెను. తప్పించుకొని వచ్చిన తల్లులలో కొందరు తమ బిడ్డలను అక్కడనే విడిచి రావలసివచ్చెను. ఒక దేశములో పుట్టనియ్యని ఆడపిల్ల వెల మరియొక దేశపు ఆడపిల్ల చెల్లించెను.

మగబిడ్డయైనను ఒక్కడే యుండుట ఎంత భయమో 2008 మే 12న తేటపడెను. సిచువాన్ రాష్ట్రములో భూకంపము వచ్చి అనేకమైన బడులు కూలెను. ఉన్న ఒక్క బిడ్డను పోగొట్టుకొన్నవారు మరల కనవచ్చునని అధికారులు అనుమతి ఇచ్చిరి. అనుమతి వచ్చినది గాని, కొందరికి వయస్సు దాటిపోయెను.

2016 జనవరి 1 మొదలు ఇద్దరిని కనవచ్చుననిరి. 2021లో ముగ్గురిని కనుడనిరి. అయినను 2022లో ఆ దేశపు జనసంఖ్య తగ్గెను. 1961 తరువాత అట్లు తగ్గుట అదియే మొదలు. మన ఆంధ్రప్రదేశములోను ఇద్దరికంటె ఎక్కువ బిడ్డలుగలవారు పంచాయతీ ఎన్నికలకు నిలువరాదని 1994లో చట్టము చేసి, 2024 నవంబరులో దానిని తీసివేసిరి. కాలువ తూము మూసిన నీరు ఆగును, ఎత్తిన పారును. మనుష్యుల ఇండ్లు అట్లు నడువవు. ఒక్కరితో పెరిగిన తరమువారికి ఒక్కరే యింటినిండుగా తోచును. పైగా ఆ ఒక్కరి భుజములమీద తల్లి, తండ్రి, తాతలిద్దరు, అవ్వలిద్దరు ఉన్నారు.

1992 మొదలుకొని 2024లో ఆపివేయువరకు, చైనా అనాథశాలలనుండి ఒకటిన్నర లక్షకు పైగా పిల్లలు పరదేశస్థులకు దత్తత ఇయ్యబడిరి. వారిలో ఆడపిల్లలే బహు అధికము. సంతలోను, వంతెన క్రిందను, ఆసుపత్రి గుమ్మములోను దొరకిన పిల్లలు వారు. కొందరి బట్టలలో పుట్టిన దినమును గంటను వ్రాసిన చిన్న కాగితము ఉండెను. ఇప్పుడు పెద్దవారై, మాతృభాష తెలియక, దుబాసీని వెంటబెట్టుకొని హూనాన్, జియాంగ్సీ పల్లెలలో తిరుగుచు తల్లిని వెదకుచున్నారు. ఆ పల్లెలలో కొందరు ముసలి తలిదండ్రులును తామే ముందుకు వచ్చి, రక్తపు పరీక్షకు చేయి చాచి, పేరు వ్రాయించుకొని పోవుచున్నారు. కొందరికి సరిపోలినది. తక్కినవారు ఎదురుచూచుచున్నారు.