అట్టు పోయువారి వంతు

పలుచని అట్టునకు ఒక గుణము కలదు, అది వేచియుండదు. అన్నము గిన్నెలో గంటసేపు నిలుచును, రొట్టె మరునాటికిని పనికివచ్చును. అట్టు పెనము దిగినవెంటనే తినవలెను, లేనిచో తోలువలె సాగును. కావున ఇంటిల్లిపాదియు తినుచుండగా ఒకరు పొయ్యికడ నిలిచియే యుండవలెను. ఆ ఒకరెవరన్నదే మా ప్రశ్న.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. స్వీడను దేశమున గురువారమునాడు బఠాణీల పులుసు త్రాగి, పిదప పాలు, గ్రుడ్లు, పిండి కలిపి పోసిన పలుచని అట్లు పండ్ల జాముతో తినుట చిరకాలపు ఆచారము. కొంకణమున గౌరికి ఘావన్ ఘాట్లే, అనగా బియ్యపుపిండి అట్లు, కొబ్బరిపాల బెల్లపు రసము నివేదింతురు. మన కోస్తా జిల్లాలలో ఆశ్వయుజ బహుళ తదియనాడు ఆ గౌరికే అట్లు. వర్లీ వాసులమైన మనకు ఈ రెండును ఇరుగుపొరుగు ఇండ్ల వాసనలే.

మా యింట గోధుమపిండి అట్లకు బెల్లపు పాకము కాచుదురు. కొల్హాపూరు బెల్లమును దంచి, మునుగునంత నీటిలో కరగించి, తప్పక వడకట్టవలెను. ఇసుక, చెరకు పీచు అడుగున మిగులును. మరల కాచి, తీగపాకము రాకమునుపే దింపవలెను. తీగ సాగెనా, చల్లారినపిదప గట్టిపడి అట్టుపై పరచుకొనదు. ఏలకిపొడి, చెంచాడు నెయ్యి చాలును.

ఇల్లాలికి చివరి వంతు వచ్చుట స్థలాభావమువలననని కొందరందురు. 1920వ దశకమున కట్టిన బీ.డీ.డీ. చాళ్లలో గది సుమారు 160 చదరపు అడుగులు. మిల్లులు మూడు పాళీలు నడచిన కాలమున, పనికి పోవువాడు, దిగి వచ్చినవాడు, బడిపిల్లలు వంతులవారీగా తినక తప్పలేదు. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తరువాత ఆ పాళీలు క్రమముగా అంతరించినవి. 2025లో కొన్ని కుటుంబములకు 500 చదరపు అడుగుల ఇండ్లును వచ్చినవి. ఇల్లు మారినది, వంతు మారలేదు.

శాస్త్రమట్లున్నదని వేరొకరందురు. మనువుతో మాకు అన్నిట అంగీకారము లేదుగాని, ఆయన తృతీయాధ్యాయమున చెప్పినదేమి? అతిథులు, సేవకులు భుజించినపిదప మిగిలినది దంపతులు తినవలెనని. దంపతులనగా ఇరువురు! ఇందులో ఒకరు మొదటి పంక్తికి ఎప్పుడు జరిగిరో ఎవరును చెప్పరు.

ఇక మూడవ మాట: పెట్టుటయే ఆమెకు ఆనందమని. కావచ్చును. ఇష్టమున చివర తినుట ప్రేమయే. కాని మరియొకరెన్నడును గరిటె పట్టని యింట ఆమెకు ఎన్నుకొనుటకేమున్నది? ఎన్నుకొననిదానిని ప్రేమయని పొగడుట తినువారికి సులువు. పొగడ్తకు ఖర్చు లేదు. ఒకమారు ఆమెను కూర్చుండబెట్టి, అపుడడిగి, ఆమె చెప్పిన మాటను నమ్ముదము.

ఉద్యోగవిరమణానంతరము ఆదివారపు గరిటె మా చేతికి వచ్చినది. మొదటి అట్టు పెనమునకంటును; ఉల్లిముక్కతో రుద్దినచో రెండవది లేచును. తొలి వారము మా గృహిణి రెండట్లు తిని, లేచి గరిటె అడిగినది. ఇయ్యలేదు. రెండవ వారము పెనము వేడి చాలలేదని కూర్చున్నచోటినుండియే చెప్పినది. మూడవ వారము, మనుమనికంటె ముందుగా, పాకమునకై గిన్నె చాచినది.