పీఠము, అంతఃసాక్షి

దామరచర్ల చేరువనున్న వాడపల్లిలో మూసీ కృష్ణలో లీనమగు చోట నిలిచినవానికి, నది పేరు కోల్పోయినను నీరు కోల్పోదు గదా యని తోచును. ఉద్యోగధర్మమును అట్టిదేనా? తరతరములుగా పహాణీని చేతబట్టి, రైతు బ్రతుకునే వ్రాయుచు కొట్టివేయుచు వచ్చిన పటేలు, పట్వారీ పదవులను 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వము ఆర్డినెన్సుచే రద్దు గావింపగా, సర్వోన్నత న్యాయస్థానము 1985లో దానిని సమర్థించెను. పిదప వచ్చిన గ్రామ రెవెన్యూ అధికారుల పదవులును 2020లో తెలంగాణ శాసనముచే తొలగిపోయినవి. శాసనము పీఠమును నిలుపగలదు, కూల్పగలదు. కాని యెవ్వరును చూడని వేళ కలమును నిలువరించు అంతఃసాక్షిని సృజింపజాలదని నా దృఢవిశ్వాసము. పట్వారీ పోయెను, పీఠములు మారెను. రైతు మాత్రము పట్టాలో తన పేరు కొరకు నేటికిని తహసీలు కార్యాలయపు గడప నెక్కుచునే యున్నాడు.