విరిగిన వంటకం - విరగకూడని మనసు



పండుగ వస్తున్నదంటే మన వరంగల్ ఇళ్ళలో పిండివంటల సందడి మొదలవుతుంది. క్రిస్మస్‌కు గరిజెలు, అరిసెలు, సంక్రాంతికి సకినాలు. ఈ మధ్య వీటి పక్కన మరొకటి చేరుతున్నది. ఓవెన్ ఉన్న ఇళ్ళలో పిల్లలు "ఫ్రూట్ పై చేస్తాం" అని ముందుకు వస్తున్నారు. పేరు కొత్తదే గాని వంటకం మనకు పూర్తిగా కొత్తది కాదు. గరిజెలో మైదా పొర లోపల కొబ్బరి, బెల్లం దాగి ఉంటాయి కదా! అలాగే ఇందులో రెండు మైదా పొరల మధ్య పండ్ల ముక్కలు, చక్కెర ఉంటాయి. గరిజెను నూనెలో వేయిస్తాం, దీన్ని పొడి వేడిలో కాలుస్తాం. అంతే తేడా. మన మేత్రాసనంలో సేవ చేసిన పీమే సభ గురువుల స్వదేశమైన ఇటలీలో కూడా ఇళ్ళలో పండ్ల జాముతో "క్రొస్తాత" అనే ఇలాంటి వంటకాన్ని చేసుకుంటారు.

వంటల శీర్షికలో రావలసిన సంగతి ఇక్కడ ఎందుకని అడుగుతారేమో! కారణం ఉంది. మొదటిసారి చేసినప్పుడు ఇది తరచుగా విరిగిపోతుంది. అప్పుడు ఆ ఇంట్లో ఏ మాట వినిపిస్తుంది? అది సువార్తకు సంబంధించిన ప్రశ్న.

ముందు చేసే పద్ధతి చూద్దాం. ఎనిమిది అంగుళాల పళ్ళానికి 250 గ్రాముల మైదా, చిటికెడు ఉప్పు, 125 గ్రాముల చల్లని వెన్న తీసుకోవాలి. వెన్నను చిన్న ముక్కలు చేసి, వేళ్ళ కొసలతో మైదాలో రవ్వలా అయ్యేవరకు కలపాలి. ఆపై నాలుగైదు చెంచాల ఐసునీళ్ళు చల్లి, ముద్ద కాగానే ఆపేయాలి. ఆ ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. లోపలికి నాలుగు ఆపిల్ పండ్ల ముక్కలు, నాలుగైదు చెంచాల చక్కెర, కొంచెం నిమ్మరసం, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్ చాలు. వేసవిలో అయితే గట్టిగా ఉన్న మామిడిపండ్లు బాగుంటాయి. కాని మన ఎండలకు వెన్న ఇట్టే కరుగుతుంది గనుక తెల్లవారుజామునే పిండి కలుపుకోవడం మేలు. సగం పిండిని వత్తి పళ్ళెంలో పరచి, పండ్ల ముక్కలు నింపి, మిగతా పిండిని వత్తి పైన కప్పాలి. అంచులు నొక్కి, పై పొరకు నాలుగు గాట్లు పెట్టాలి. ఓవెన్‌లో 200 డిగ్రీల వేడిలో 15 నిమిషాలు, తరువాత 180 డిగ్రీలలో సుమారు 35 నిమిషాలు కాల్చాలి.

ఇందులో మూడు సంగతులు ఆలోచించదగినవి.

మొదటిది, ఎక్కువగా పిసకకూడదు. చపాతీ పిండిని బాగా మర్దించడం మన చేతులకు అలవాటు. ఆ అలవాటే ఇక్కడ చెరుపు చేస్తుంది. మైదాలో నీరు పోసి పిసికేకొద్దీ అందులోని గ్లూటెన్ బిగుసుకుంటుంది, కాలిన పొర గట్టిపడుతుంది. నేర్చుకునే పిల్లలూ అంతే. "అలా కాదు, ఇలా, నీకు చేతకాదు, ఇటు ఇవ్వు" అని అడుగడుగునా సరిదిద్దితే మెత్తబడరు, బండబారతారు.

రెండవది, గాట్లు పెట్టాలి. పండ్ల రసం మరిగి ఆవిరి పుడుతుంది. దానికి దారి లేకపోతే ఎక్కడో ఒకచోట పొరను పగలగొట్టుకొని వస్తుంది. ఇంట్లో పిల్లలకు, కొత్తగా వచ్చిన కోడలికి తమ బాధ చెప్పుకునే సందు ఉన్నదా? అది లేని ఇల్లు పైకి ఎంత నిండుగా కనిపించినా ఏదో ఒకరోజు పగులుతుంది.

మూడవది, చల్లారనివ్వాలి. వేడిమీద కోస్తే రసమంతా కారి ముక్క చెదిరిపోతుంది. రెండు గంటలు ఆగితే రసం చిక్కబడి ముక్క నిలుస్తుంది. కోపం వచ్చిన వేళ మనం అనే మాట కూడా వేడిమీద కోసిన ముక్కలాంటిదే.

ఇక అసలు విషయానికి వస్తాను. పదిహేనేళ్ళ అమ్మాయి సగం రోజు కష్టపడి చేసింది. అడుగు పచ్చిగా ఉంది, అంచు మాడింది, పళ్ళెంలోంచి తీయబోతే విరిగింది. "ఇది తినేదేనా? బేకరీలో కొంటే పోయేది కదా! వెన్నంతా దండగ" అని తండ్రి అన్నాడు. అన్నయ్య నవ్వాడు. అమ్మాయి ఏమీ అనలేదు. ఇలాంటివి మన ఇళ్ళలో జరుగుతూనే ఉంటాయి. పోయింది వెన్న మాత్రమే అనుకుంటున్నారా? చేతులారా చేసిన దానికే ఇంత మాట పడిన బిడ్డ, రేపు పరీక్షలో తప్పినప్పుడు, ఏదైనా చిక్కులో పడినప్పుడు ఎవరి దగ్గరకు వస్తుంది? విరిగిన పళ్ళెం చూపించలేని ఇంట్లో విరిగిన మనసును చూపిస్తుందా?

మార్కు సువార్త 14వ అధ్యాయంలో బెతానియా ఇంట్లో జరిగిన సంగతి మీకు తెలుసు. ఒక స్త్రీ విలువైన పరిమళ తైలం తెచ్చి ప్రభువు శిరస్సుపై పోసినప్పుడు, అక్కడున్నవారు దండగ అని ఆమెపై విసుక్కున్నారు. ప్రభువు ఆమె పక్షాన మాట్లాడాడు. ఆమెను నొప్పించవద్దన్నాడు, తన చేతనైనది చేసిందని మెచ్చుకున్నాడు. యోహాను సువార్త 21వ అధ్యాయంలో ఉత్థాన క్రీస్తు తెల్లవారుతుండగా ఒడ్డున నిప్పులపై చేప, రొట్టె సిద్ధం చేశాడు. అంతా సిద్ధంగా ఉన్నా, మీరు పట్టిన చేపలు కూడా కొన్ని తెండని శిష్యులను అడిగాడు. ఆయనకు ఏం కొదువ? వారి చేతి కష్టాన్ని తన భోజనంలో కలుపుకోవాలని అడిగాడు. వంట ఆడవారి పని అనుకునే కుమారులు, భర్తలు కూడా ఆ నిప్పుల దగ్గర ఉన్నది ఎవరో గమనించాలి.

అయితే బాగాలేనిదాన్ని "అద్భుతం" అని అబద్ధం చెప్పమని కాదు. సకినాలు చుట్టడం మనవాళ్ళు ఎలా నేర్పుతారో చూడండి. అమ్మమ్మ పక్కన కూర్చోబెట్టుకుంటుంది. పిల్ల చుట్టిన వంకర సకినం కూడా అదే గుడ్డమీద ఆరుతుంది, అదే నూనెలో వేగుతుంది, అందరూ తింటారు. తరువాతి సంవత్సరం చుట్టు గుండ్రంగా వస్తుంది. ముందు తినాలి, కృతజ్ఞత చెప్పాలి, ఆపైన నిదానంగా "ఈసారి అడుగు ఇంకాస్త కాలనిద్దాం, నేనూ పక్కన ఉంటాను" అనాలి.

ప్రియ తల్లిదండ్రులారా! దివ్యబలిపూజలో దేవుడు మన చేతుల్లోంచి మామూలు రొట్టెను, ద్రాక్షారసాన్ని స్వీకరిస్తాడు. మన కానుక కొద్దిదని తిప్పి పంపడు. ఆ బల్ల దగ్గరనుంచి ఇంటికి వచ్చిన మనం మన బల్ల దగ్గర ఎలా ఉంటున్నాం? ఈసారి మీ ఇంట్లో ఎవరైనా మొదటిసారి ఏదైనా చేసి పెడితే, ప్రార్థన చేసి, మొదటి ముక్క మీరే తీసుకోండి. ఒక ముక్క పక్కింటివారికీ, ఒంటరిగా ఉన్న పెద్దలకూ ఆ బిడ్డచేతనే పంపించండి. వంటకం విరిగినా ఫరవాలేదు, ముక్కలు పంచుకోవడానికే. మన బిడ్డల మనసులు విరగకుండా కాచే కృపను ప్రభువు మనకు దయచేయునుగాక! ఆమెన్.