చేసినవాని పేరు

ఇటీవల మేము గంభీరావుపేటనుండి మా పాఠశాల పిల్లలను వెంటబెట్టుకొని హైదరాబాదులోని సాలార్‌జంగు వస్తుప్రదర్శనశాలకు బోయితిమి. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ విశేషముగా సేకరించిన వస్తుజాలముతో 1951 డిసెంబరు 16న తెరువబడి, 1968లో మూసీయొడ్డున నున్న భవనమునకు మారిన శాల యిది. అందు చీనా జపానుల పింగాణి పాత్రలును, దంతపు బొమ్మలును, ఖడ్గములును గలవు. ఒక జపాను పాత్రయెదుట నిలిచి, బౌద్ధము చీనా కొరియాల మీదుగా ఆ ద్వీపముల కేగిన విధమును మేము వివరించితిమి. అంతయు విని నేతవారి పిల్లవా డొకడు, “సారూ, గిది చేసినాయన పేరేంది?” అని యడిగెను. మాకు మాట తోచలేదు. దేశమును జెప్పితిమి, మతమును జెప్పితిమి. మనుష్యుని మాత్రము మరచితిమి.

సౌందర్యము ననుభవించువాడు దానిని సృష్టించినవానికి ఋణపడునా? వెల చెల్లించినతోడనే ఋణము తీరునని కొంద రందురు. వెల వస్తువునకు జెల్లును. వస్తువులో నిలిచిన శ్రద్ధకు వెల గట్టినవా రెవరు?

జపానులోనే దీనికి ప్రతివాద మొకటి గలదు. 1936లో టోక్యోలో జానపద హస్తకళల ప్రదర్శనశాలను స్థాపించిన యనగి సోఎత్సు, పేరెరుగని పనివారు నిత్యోపయోగమునకై చేసిన గిన్నెలలోను బట్టలలోను ఉత్తమ సౌందర్యమును గాంచెను. అట్లయిన పేరడుగుట వ్యర్థము గాదా? కాదని మా యభిప్రాయము. పేరు విడుచుట చేయువాని వైరాగ్యము. మరచుట చూచువాని కృతఘ్నత. మొదటిది రెండవదానికి సాకు గాజాలదు. ఆ దేశమే 1950లో సాంస్కృతిక సంపద రక్షణకై చట్టము చేసి, 1955 మొదలు కుమ్మరులను, నేతగాండ్రను పేరుపేరున గుర్తించి గౌరవించుచున్నది. ప్రజలు వారిని ‘సజీవ జాతీయ నిధులు’ అందురు.

మన యాలంకారికులు రసము నాస్వాదించువానిని సహృదయు డనిరి. కర్తతో సమానమైన హృదయము గలవాడని భావము. కర్తనే తలపనివాడు సహృదయు డెట్లగును? దూరదేశపు గిన్నెయెదుట నిశ్చేష్టులమై నిలుచు మనమే, వాకిటికి తువాళ్లు తెచ్చిన నేతగానితో పది రూపాయలకై పోరాడుదుము. మన సిరిసిల్లలో మరమగ్గముల మ్రోత మెండు, చేమగ్గము లరుదైనవి. అవి యన్నియు నాగిన పిమ్మట నొక బట్టను అద్దాలపెట్టెలో నుంచి మెచ్చుకొనుట సులభము.

ఆ పాత్రను జేసినవాని పేరు మాకు నేటికిని దెలియదు. మరునాడు తరగతిలో ఆ పిల్లవాని నతని తాతగారి పేరడిగితిమి. ఆయన చేమగ్గముపై నేసినవాడట. ఆ పేరు నల్లబల్లపై వానిచేతనే వ్రాయించితిమి.