జ్ఞాపకం పోయినవాడు ఎవరు?



మతిమరపు జబ్బు ముదిరి, కన్నబిడ్డలనే గుర్తుపట్టలేని వృద్ధుని చూసి వచ్చినవారు, "ఆయన ఇప్పుడు ఆయన కాదండీ" అంటూ ఉంటారు. జాలితో అనే మాటే. కాని దానిని నిజమని ఒప్పుకుంటే చాలా దూరం పోతుంది. ఆయన ఆయన కానప్పుడు, నలభై ఏళ్ల క్రితం నీళ్లలో దిగి విశ్వాసాన్ని ఒప్పుకొన్నది ఎవరు? సంఘపు పట్టీలో ఉన్న పేరు ఎవరిది? శిశువులకు గాక, తెలిసి ఒప్పుకొన్నవారికే బాప్తిస్మమిచ్చే మనకు ఈ ప్రశ్న ఇతరులకంటె గట్టిగా తగులుతుంది.

తత్వవేత్తలు దీనిని మూడు వందల ఏళ్లుగా తిప్పి తిప్పి చూస్తున్నారు. ఇంగ్లండువాడైన జాన్ లాక్ 1694లో తన గ్రంథపు రెండవ కూర్పులో ఒక అధ్యాయం చేర్చి, మనిషి దేహం వేరు, 'వ్యక్తి' వేరు అన్నాడు. నాటి పనిని 'నేనే చేశాను' అని లోపల ఎరిగినంత మేరకే నేటి వ్యక్తి నాటి వ్యక్తి. ఎరుక తెగిన చోట వ్యక్తి తెగిపోతాడు. తాగిన మైకంలో తప్పు చేసినవాణ్ణి లోకపు న్యాయస్థానం శిక్షిస్తుంది. నిజంగా ఎరుక లేదో, నటనో అది తేల్చలేదు గనుక. హృదయ రహస్యాలు బయలుపడే తీర్పు దినాన మాత్రం, తనకేమీ తెలియని దానికి ఎవడూ జవాబు చెప్పుకోనక్కరలేదేమో అని లాక్ తలంచాడు. ఇందులో న్యాయబుద్ధి లేకపోలేదు. అయినా అంగడివాణ్ణి అడిగి చూడండి, మరచిపోయిన అప్పు తీరిపోయినట్టేనా అని!

గట్టి జవాబు స్కాట్లండునుండి వచ్చింది. థామస్ రీడ్ మొదట పల్లెటూరి సంఘకాపరి, తరువాత గ్లాస్గోలో ఆచార్యుడు. 1785లో ఆయన ఒక కథ కల్పించాడు. తోటలో పండ్లు దొంగిలించి బడిలో దెబ్బలు తిన్న కుర్రవాడు పెద్దయి, సైనికాధికారిగా శత్రువు జెండా పట్టుకొన్నాడు. వృద్ధాప్యంలో సేనాపతి అయ్యాడు. అధికారికి చిన్ననాటి దెబ్బలు గుర్తున్నాయి. సేనాపతికి జెండా గుర్తుంది గాని దెబ్బలు గుర్తులేవు. లాక్ సూత్రం ప్రకారం సేనాపతి ఆ అధికారే, అధికారి ఆ కుర్రవాడే, అయినా సేనాపతి ఆ కుర్రవాడు కాడు! ఏ లెక్కల మాస్టారు దీనికి మార్కులు వేస్తారు?

అంతకు ముందే 1736లో బిషప్ బట్లర్ అసలు కీలు పట్టుకొన్నాడు. జ్ఞాపకం ముందే ఉన్న 'నన్ను' నాకు చూపిస్తుందే గాని నన్ను తయారుచెయ్యదు. నా బడిపంతులు పోలిక చెప్పాలంటే, దీపం వెలిగిస్తే గదిలో మంచం కనబడుతుంది. దీపం ఆరితే మంచం ఎక్కడికీ పోదు.

1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకునికి మూర్ఛలు తగ్గించాలని మెదడులో కొంత భాగం తీసివేశారు. మూర్ఛలు తగ్గాయి గాని, కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది. 2008లో చనిపోయేవరకు అంతే. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతనిచేత, అద్దంలో చూస్తూ నక్షత్రపు గీతల మధ్య పెన్సిలు నడిపే అభ్యాసం చేయించింది. రోజురోజుకు చెయ్యి బాగుపడింది. ఇంతకుముందు ఆ పని చేసినట్టు మాత్రం అతనికి తెలియదు. మరి నేర్చుకొన్నది ఎవరు? అతడే గదా!

ఇటీవలివాడైన డెరెక్ పార్ఫిట్ (1942–2017) వేరే దారి పట్టాడు. తల్లిదండ్రులు చైనాకు మిషను పనిమీద వెళ్లిన వైద్యులు. ఆయన అక్కడే పుట్టాడు. 'నేను' అనే ప్రత్యేక వస్తువేదీ లేదు, ఉన్నది దేహ మానసిక సంబంధాల గొలుసే, అది సన్నగిల్లితే 'అతడేనా?' అన్న ప్రశ్నకు జవాబే ఉండకపోవచ్చునని 1984లో వ్రాశాడు. ఇది బుద్ధుని మాటకు దగ్గరని ఆయనకూ తెలుసు. ఈ తలంపుతో చావును గూర్చిన దిగులు తగ్గి, ఇతరులు దగ్గరయ్యారని చెప్పుకొన్నాడు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది, సిద్ధాంతం నచ్చదు. యాభై ఏళ్లు కాపురం చేసి, మంచం ప్రక్కన కూర్చున్న ఇల్లాలు సన్నగిల్లిన గొలుసుకు అన్నం తినిపించడంలేదు.

ఇక ప్రభు భోజనం సంగతి. తన్ను తాను పరిశీలించుకోలేనివానికి రొట్టె, పాత్ర ఇవ్వవచ్చునా అని కొందరు పెద్దలు సందేహిస్తారు. పౌలు ఆ హెచ్చరిక చేసింది, బీదవారిని సిగ్గుపరచి ముందుగా తినేసిన కొరింథువారికి. చేయగలిగీ చేయనివారికి చెప్పిన మాటను, చేయలేనివాని మీద మోపడం నాకు సరిగా తోచదు. ఒప్పుకోలు ఆయనదే, గుర్తులేకపోయినా ఆయనదే. కాబట్టి ఇవ్వాలంటాను. మ్రింగుడు కష్టమైతే ఇంటివారి నడిగి చిన్న తునక ఇవ్వాలి. మొగం త్రిప్పుకుంటే బలవంతం చేయరాదు.

మరొకటి. ఇలాంటివారిలో తరువాత నేర్చిన భాష ముందు జారిపోయి, చిన్ననాటి భాష మిగిలి ఉండడం తరచుగా కనబడేదే. మన యౌవనస్థులకు కన్నడమో, ఒడియానో, మరాఠీయో బాగా వచ్చు గాని తెలుగు అంతంతమాత్రం. కనుక పరామర్శకు వెళ్లేటప్పుడు తెలుగులో పాడగలిగినవారిని ఒకరిని వెంట తీసుకువెళ్లండి.