టేకు మీద టేకు

టేకు తలుపుల మీద టేకు రంగు స్టిక్కర్ వేయిస్తానంది మా అమ్మ.

త్రిపురాంతకంలో మా వంటింటి అలమరలకి ఉన్నవి అసలైన టేకు తలుపులు. ఇల్లు కట్టినప్పుడు నాన్న అప్పు చేసి మరీ చేయించాడు. పాతికేళ్ల తాలింపుల పొగకి పాలిష్ పోయింది. పొయ్యి పక్కవి నల్లబడ్డాయి. ఎక్కడ ముట్టుకున్నా వేలికి జిడ్డు. ఎవరింట్లోనో వినైల్ ర్యాప్ వేసిన వంటిల్లు చూసొచ్చి, మనమూ వేయిద్దాం అంది.

లెక్క తేలికే. పది తలుపులు, బయటివైపు కొలిస్తే 44 చదరపు అడుగులు. మార్కాపురం నుంచి వచ్చిన కుర్రాడు సరుకూ కూలీ కలిపి అడుగుకి 140 చెప్పాడు. అంటే 6,160 రూపాయలు. పాతది గీకి కొత్త పాలిష్ వేయడానికి వడ్రంగి అడుగుకి 210 అడిగాడు. అది 9,240. తేడా 3,080. హైదరాబాదులో నలుగురం కలిసి ఒక శనివారం రాత్రి బయట తింటే అంతకంటే ఎక్కువే అవుతుంది. "ఆ తేడా నేనిస్తాను, పాలిష్ చేయిద్దాం" అన్నాను.

నా బాధ డబ్బు గురించి కాదు మరి. ప్లాస్టిక్ మీద చెక్క గీతలు అచ్చువేసి, దాన్ని తీసుకెళ్లి నిజం చెక్క మీద అతికించడం నాకు మింగుడుపడలేదు. ఈ అసహనానికి పెద్ద వంశవృక్షమే ఉంది. జాన్ రస్కిన్ 1849లో వచ్చిన 'ద సెవెన్ ల్యాంప్స్ ఆఫ్ ఆర్కిటెక్చర్'లో, ఒక పదార్థాన్ని ఇంకో పదార్థంలా కనిపించేట్టు రంగు వేయడాన్ని నిర్మాణంలో జరిగే మోసాల్లో ఒకటిగా లెక్కేశాడు. భవనానికి వేసే బంగారు పూతని మాత్రం క్షమించాడు. అది నిజం బంగారమని ఎవరూ నమ్మరు కాబట్టి మోసం లేదన్నాడు. వియన్నాలో అడాల్ఫ్ లోస్ 1898లో ఇంకా కచ్చితమైన నియమం పెట్టాడు. పైన కప్పినదాన్ని చూసి, అదే లోపలున్న అసలు పదార్థమని ఎవరూ పొరబడకూడదు. ఆయన లెక్కలో చెక్కకి ఏ రంగైనా వేసుకోవచ్చు, చెక్క రంగు తప్ప. మా అమ్మ సరిగ్గా ఆ ఒక్కటే ఎంచుకుంది.

ఇదంతా నాకు చేతనైన మాటల్లో ఫోన్లో చెప్పాను. అమ్మ ఓపిగ్గా వింది.

"వచ్చినోళ్లందరికీ అది స్టిక్కరని తెలుసు గదా. ఇంక మోసమేముంది? కొండ కింద అమ్మవారికి అలంకారం చేస్తారు, అది మోసమా?"

రస్కిన్ బంగారు పూత గురించి చెప్పింది కూడా ఇదే. నా దగ్గర జవాబు లేక చివరి అస్త్రం తీశాను. "అవి నాన్న చేయించినవి అమ్మా."

"లోపలివైపు అట్నే ఉంటయ్యిగా. చూడాలనిపిస్తే తలుపు తీసి చూసుకో." కాసేపాగి అడిగింది. "అయినా ఆ టేకు నువ్వు తుడుస్తావా అబ్బయా?"

అక్కడ ఆగిపోయాను. అమ్మ ఆదివారాలు చేసే పని నేను చూడనిది కాదు. వేడినీళ్లలో సోడా కలిపి, పాత బనియను గుడ్డతో, కింది తలుపుల దగ్గర మోకాళ్ల మీద వంగి తుడుస్తుంది. పాలిష్ పోయిన చెక్క నూనెని పీల్చుకుంటుంది, ఎంత తుడిచినా పూర్తిగా వదలదు. వినైల్ మీద మరక పైనే ఉంటుంది, తడిగుడ్డకి వచ్చేస్తుంది. అమ్మకి టేకు రంగంటే ఇష్టమే. మోకాళ్లు నొప్పి పెట్టని టేకు కావాలి, అంతే.

రస్కిన్ నియమమైనా లోస్ నియమమైనా తలుపు ముందు నిలబడి చూసేవాడి కోసం పెట్టింది. చూసేవాడు మోసపోతున్నాడా లేదా అన్నదే వాటి ప్రశ్న. నేనూ ఆ చూసేవాళ్లలో ఒకణ్ణే, అదీ ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చి చూసేవాణ్ణి. అసలుదనం నా కంటికి, దాన్ని కాపాడే చాకిరీ అమ్మ చేతులకి. 3,080 రూపాయలు ఇచ్చేస్తే తేడా తీరిపోతుందనుకున్నాను. అసలు ఖర్చు ఆ లెక్కలో లేనేలేదు.

మా వైపు అసలుదనం అంటే గుర్తొచ్చేది మార్కాపురం పలక. ప్లాస్టిక్ పలకలొచ్చాక రాతిపలకని తలుచుకుని మురిసిపోయే వాళ్లలో నేనూ ఉన్నాను. అయితే 1987లో కేంద్రం జాతీయ బాలకార్మిక విధానం తెచ్చాక, ప్రత్యేక ప్రాజెక్టుల కోసం మొదట్లో ఎంచుకున్న పరిశ్రమల్లో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజుతో పాటు మార్కాపురం పలకలూ ఉన్నాయి. కొందరు పిల్లలు అక్షరాలు దిద్దుకునే పలకల తయారీలో ఇంకొందరు పిల్లలు పనిచేశారు. ఆ రాయి అసలైనదే, ఊపిరితిత్తుల్లోకి పోయే ఆ దుమ్మూ అసలైనదే. ఇప్పుడు పలక రాయిని పల్చగా కోసి నగరాల్లో ఇళ్ల గోడలకి అతికిస్తున్నారు. అదీ పైపొరే. దాన్ని మాత్రం మనం 'నేచురల్' అని మెచ్చుకుంటాం.

అలాగని వినైల్‌కి నేను మంచి సర్టిఫికెట్ ఇవ్వలేను. అది పీవీసీ. కొన్నేళ్లకి అంచులు లేస్తాయి, ఊడదీసి పారేయాలి, మట్టిలో కలవదు. చెత్తకుప్పలో కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ లాంటి విషవాయువులొస్తాయి. వాటిని పీల్చేది మా అమ్మ కాదు, ఆ కుప్ప పక్కన బతికేవాళ్లు. ఇక్కడా బిల్లు ఇంకొకరి పేరు మీదకే వెళ్తోంది. ఏ పొర మంచిదో నేను తేల్చలేను. ఎంచుకునేవాళ్లూ ఖర్చు భరించేవాళ్లూ వేరువేరైనప్పుడు మాత్రం నీతి మాట్లాడే ముందు కొంచెం తగ్గాలనిపిస్తుంది.

ఈ పొగ సంగతి చెబితే అమ్మ ఆలోచించింది. పొయ్యి వేడికి అక్కడ అంచులు త్వరగా లేస్తాయని ఆ కుర్రాడూ ముందే చెప్పాడట. "అయితే పొయ్యి పక్క రెంటికీ పాలిషే వేయిద్దాంలే. ఆ రెండూ నువ్వొచ్చినప్పుడు తుడువు" అంది. 35 అడుగులకి స్టిక్కర్ 4,900, తొమ్మిది అడుగులకి పాలిష్ 1,890. మొత్తం 6,790.

సంక్రాంతికి వెళ్లాను. ఎనిమిది తలుపులు టేకులా మెరుస్తున్నాయి, పక్కన రెండు టేకు తలుపులు. నిజం చెప్పాలంటే గుమ్మంలోంచి చూస్తే ఏది ఏదో వెంటనే పోల్చుకోలేకపోయాను. పండగ పిండివంటలయ్యాక నా రెండూ తుడిచాను. నలభై నిమిషాలు పట్టింది. పదింటికైతే మూడు గంటల ఇరవై నిమిషాలు. అలాంటి ఆదివారాలు ఎన్ని గడిచాయో అమ్మ ఎప్పుడూ లెక్కపెట్టలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.